చార్టులో మొగుడి గడి

మా చిన్నదానికి జ్ఞానస్నానం అయిన ఆదివారం సంగతి ఇది. కడప మరియాపురంలో పూజ ముగించుకుని ఇంటికొచ్చి, సంగటీ నాటుకోడి పులుసూ తిని, ఎండ తగ్గేదాకా వసారాలో కూర్చున్నాం. మా అమ్మ పాపను ఒళ్లో వేసుకుని, "ఇద్దరూ ఆడపిల్లలే అయిరి. మూడోసారికి మరియ తల్లి చూస్తుందిలే" అనింది. నా భార్య విస్తరాకులు తీస్తూ, "మూడోసారి లేదత్తా. వచ్చే నెల ఆపరేషన్ చేయించుకుంటా" అనేసింది. నేను వినడం కూడా అదే మొదలు.

ఆమె ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సు. ఎదురుగా కూర్చున్న ఆమె పెదనాయన శ్రీసభలో, అంటే మా కతోలిక సంఘంలో, ముప్పై ఐదేళ్లు ఉపదేశిగా (మతబోధ చెప్పే పని) చేసిన మనిషి. పెళ్లి కుదిరిన జంటలకు గుడిలో తరగతులు చెప్పింది ఆయనే. మామూలు ఇళ్లలో పెదనాయన ముందు ఆడపిల్ల నోట ఇట్లాంటి మాటలు రావు. వీళ్లిద్దరికీ అది ఉద్యోగం కాబట్టి శనక్కాయల ధర మాట్లాడినట్టు మాట్లాడుకున్నారు. గుర్తున్నంత వరకు రాస్తున్నా.

ఉపదేశి: పన్ను పీకించుకుంటానన్నంత తేలిగ్గా చెప్తివే పాపా. శ్రీసభ దాన్ని ఒప్పుకోదని నీకు తెలియదా?

నర్సు: తెలుసు పెదనాయనా. మన రాష్ట్రంలో పెళ్లయి పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ అయినవాళ్లే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క అది. అందులో మన గుడికి వచ్చేవాళ్లు లేరా? వార్డులో ఎంతమంది దిండు కింద జపమాల చూసినానో నాకు తెలుసు.

ఉపదేశి: అందరూ చేస్తే తప్పు ఒప్పయిపోతుందా? 1930లో పదకొండవ భక్తినాథ పోపుగారు చెప్పిందీ, 1968లో ఆరవ పౌలు పోపుగారు లేఖ రాసి చెప్పిందీ ఒకటే మాట. ఆలుమగల కలయికలో రెండు ఉన్నాయి. ఒకటి వాళ్లిద్దరి ప్రేమ, రెండోది బిడ్డకు తెరిచి ఉంచిన తలుపు. ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని మనిషి చేత్తో మూయకూడదు.

నర్సు: మరి మీరు చెప్పే సహజ పద్ధతిలోనూ బిడ్డ వద్దనే కదా రోజులు లెక్కపెట్టుకునేది?

ఉపదేశి: వాన లేని ఏడు చేను బీడు పెడతాం. అది వేరు. చేలో ఉప్పు పోయడం వేరు.

నర్సు: చేను మాట్లాడదు పెదనాయనా. నేను మాట్లాడతా.

(ఇక్కడ మా అమ్మ పాపను భుజాన వేసుకుని లోపలికి పోయింది. చెవులు మాత్రం గుమ్మం దగ్గరే వదిలిందని తర్వాత తెలిసింది.)

నర్సు: ఇంకో మాట. 1968 కంటే ముందు పోపుగారే ఒక కమిషన్ వేసినారు. డాక్టర్లు, పండితులు, పెళ్లయిన దంపతులు కూడా అందులో ఉన్నారు. ఎక్కువ మంది ఈ బోధను మార్చొచ్చనే 1966లో చెప్పినారు. పోపుగారు తీసుకోలేదు. పెళ్లి చేసుకున్నవాళ్లు చెప్తే వినకుండా, పెళ్లి లేనివాళ్లు తేల్చినారు.

ఉపదేశి: ధర్మం చేతులెత్తి తేల్చేదా? ఓట్ల మాటే అయితే నీ సర్కారు సంగతి చూడు. ఇద్దరు దాటితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో పెట్టినారు. 2024లో ఎత్తేసినారు. ఇప్పుడు ముఖ్యమంత్రే ఇంకా కనమంటున్నాడు. నిన్న వద్దన్నదీ వాళ్లే, నేడు కనమన్నదీ వాళ్లే. శ్రీసభ అప్పుడూ ఒకటే మాట, ఇప్పుడూ ఒకటే మాట.

నర్సు: ఇద్దరూ నా కడుపు గురించే మాట్లాడినారు. అది మాత్రం నిజం.

ఉపదేశి: ఎమర్జెన్సీ చూసినవాణ్ని నేను. 1976లో, మన కడప మేత్రాసనం, అంటే బిషప్ గారి పరిధి, నెల్లూరు నుంచి వేరుపడిన ఏడే. ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేసినారు. ఎక్కువ మగవాళ్లకే. పల్లెల్లో మగవాళ్లు జీపు శబ్దం వింటే చేలల్లోకి పరుగెత్తేవాళ్లు. ఉత్తరాదిలో ఆ కోపానికి 1977లో ప్రభుత్వమే పడిపోయింది. ఆ తర్వాత ఏ నాయకుడూ మగవాడి జోలికి రాలేదు. భారమంతా మీ మీదికి తోసినారు. ఆ తోపుడును నువ్వు స్వేచ్ఛ అంటున్నావు!

ఈ మాటకు ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. నాకు తెలిసి ఆరోజు ఆయన వేసిన దెబ్బల్లో బాగా తగిలింది ఇదే.

నర్సు: అది కాదనను. క్యాంపుల్లో నేనూ పనిచేసినా. టార్గెట్లు ఉండేవి, పైనుంచి ఫోన్లు వచ్చేవి. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు పదిమందికి పైగా చచ్చిపోయినారు. క్యాంపులే ఆపమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. పాతికేళ్లు నిండని పిల్లను అత్తగారు చెయ్యి పట్టుకుని తెస్తే, "నీకిష్టమేనా" అని నేను అడిగినా కొన్నిసార్లు. అన్నిసార్లూ అడగలేదు. ఆ తప్పు నాది. అట్లాగని మీరు రోజులు లెక్కపెట్టించే చార్టు దగ్గరికి రమ్మంటే రాలేను.

ఉపదేశి: చార్టును ఎందుకు తీసిపారేస్తావు? ఆస్ట్రేలియాలో బిల్లింగ్స్ అని మొగుడూ పెళ్లామూ ఇద్దరూ డాక్టర్లే. వాళ్లు కనిపెట్టిన పద్ధతి. చదువు రాని ఆడవాళ్లకు కూడా మన సిస్టర్లు నేర్పినారు.

జ్ఞానస్నానం కార్డు ఒకటి తీసుకుని, వెనక తెల్లగా ఉన్న వైపు గడులు గీశాడాయన. ముట్టు రోజులకు ఎరుపు. పొడిగా ఉన్న రోజులకు ఆకుపచ్చ. తడి కనిపించే రోజులకు తెల్ల గడిలో పసిబిడ్డ బొమ్మ, అంటే ఆ రోజుల్లో దూరంగా ఉండాలని. డెబ్బై ఏళ్ల మనిషి బాల్‌పెన్నుతో పసిబిడ్డ బొమ్మ వేయడం చూస్తే నవ్వొచ్చింది గానీ, ఆయన చెయ్యి మాత్రం అలవాటుగా తిరిగింది.

నర్సు: బాగుంది. నా గుర్తులన్నీ ఉన్నాయి. ఇందులో మొగుడి గడి ఏది?

ఉపదేశి: ఏంది?

నర్సు: తెల్ల గడి రోజు నేను వద్దంటా. ఆయన సరే అన్నాడా లేదా రాయడానికి గడి ఏది? మా వార్డుకొచ్చే ఆడవాళ్లలో సగం మంది మొగుళ్లు తాగొచ్చేవాళ్లే. అర్ధరాత్రి లైటేసి, "ఈరోజు బిడ్డ బొమ్మ ఉందయ్యా" అని చార్టు చూపించమంటావా?

(నేను తాగను. ఆ మాట చెప్పాలనిపించింది. కానీ ఆమె అంటున్నది తాగుడు గురించి ఒక్కటే కాదని తెలిసి ఊరుకున్నా.)

మధ్యలో వేరే మాటలూ దొర్లాయి. కోర్టులో 2001 నుంచి క్రైస్తవులకు పరస్పర అంగీకారంతో విడాకులు దొరుకుతున్నాయని ఆమె, కోర్టు విడదీసినా శ్రీసభ లెక్కలో ముడి అట్లాగే ఉంటుందని ఆయన. ఒకే లింగం జంటలకు ఫాదర్లు దీవెన ఇవ్వచ్చని 2023 డిసెంబరులో వాటికన్ ఇచ్చిన కాగితం సంగతీ వచ్చింది. "అది పెళ్లి కాదని అదే కాగితంలో ఉంది" అని ఆయన, "తలుపైతే వేయలేదు కదా" అని ఆమె, రెండు నిమిషాల్లో వదిలేశారు. మళ్లీ మొగుడి గడి దగ్గరికే వచ్చారు.

ఉపదేశి: పెళ్లికి ముందు ఫాదర్ నిన్ను ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి, "ఎవరన్నా బలవంతం చేస్తున్నారా" అని అడిగినాడా లేదా? మీ అమ్మనూ నన్నూ బయట నిలబెట్టినాడు. మన సీమలో మేనమామకిచ్చి చేసేటప్పుడు పిల్లనెవరు అడుగుతారు? శ్రీసభ చట్టంలో భయపెట్టి చేసిన పెళ్లి పెళ్లే కాదు. మేనరికమైతే అనుమతి లేకుండా జరగనే జరగదు.

నర్సు: అడిగినాడు. నా జన్మలో నన్ను అట్లా ఒంటరిగా కూర్చోబెట్టి అడిగింది ఆ ఫాదర్ ఒక్కడే. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. పెళ్లిరోజు ఒకసారి ఊఁ అంటే అన్ని రాత్రులకూ ఊఁ అన్నట్టేనా? భార్య దేహం మీద ఆమెకు అధికారం లేదని బైబిల్లో పౌలుగారే రాసినాడు కదా.

ఉపదేశి: సగం చదివితే ఎట్లా? భర్త దేహం మీద భర్తకూ లేదు, భార్యకే ఉంది అని అదే వాక్యంలో ఉంది.

నర్సు: ఆ రెండో సగం ఏ మగవాడి నోటా నేను వినలేదు.

నేను మంచినీళ్ల చెంబు అందుకున్నా. అందులో నీళ్లు లేవు.

ఉపదేశి: ఇంకోటి విను. ఇప్పటికీ మీ చట్టంలో, 2024లో వచ్చిన కొత్త న్యాయ సంహితలో కూడా, పద్దెనిమిది దాటిన భార్యను మొగుడు బలవంతం చేస్తే అత్యాచారం కింద రాదు. పోపుగారు 1968లోనే, అదే లేఖలో, పదమూడో పేరాలో రాసినాడు. ఎదుటి మనిషి పరిస్థితీ ఇష్టమూ చూడకుండా చేసేది ప్రేమ కాదు, ధర్మానికి విరుద్ధమని. ఎవరు ముందున్నారు చెప్పు?

నర్సు: ఆయన రాసినాడు. నువ్వు చెప్పినావా?

ఉపదేశి: అంటే?

నర్సు: ముప్పై ఐదేళ్లు తరగతులు చెప్పినావే, ఎన్ని వందల జంటలు కూర్చున్నాయో. ఆ పదమూడో పేరా మగపిల్లలకు ఎన్నిసార్లు చదివి వినిపించినావు?

ఆయన పెన్ను మూత పెట్టాడు. తీశాడు.

ఉపదేశి: చార్టు సంగతి సిస్టర్ చెప్పేది. ఆడపిల్లలకు వేరుగా.

నర్సు: మగపిల్లలకు?

ఉపదేశి: పది ఆజ్ఞలు. పెళ్లి ప్రమాణాలు. తాగొద్దని చెప్పేవాణ్ని... పెళ్లికొడుకు తండ్రులు కూడా వచ్చి కూర్చునేవాళ్లు పాపా. వాళ్ల ముందర అదెట్లా చదివేది?

నర్సు: నాకూ అంతే. అత్తల ముందర అడగలేకపోయినా.

ఉపదేశి: నేను చెప్పకపోవడం నా తప్పు. అంతమాత్రాన బోధ తప్పు కాదు. రెండూ కలపొద్దు.

నర్సు: కలపను. నువ్వు చెప్పేదాకా, వాళ్లు వినేదాకా ఆగేంత రక్తం నాకు లేదు, అంతే. హిమోగ్లోబిన్ 8. ఇద్దరూ సిజేరియన్లే.

ఉపదేశి: తీవ్రమైన కారణం ఉంటే పిల్లలు వద్దనుకోవచ్చని శ్రీసభే చెప్తుంది. వద్దనుకోవడం తప్పని నేనన్నానా? దారి గురించే నా గొడవ.

నర్సు: సరే పెదనాయనా. నీ మాటే. నేను ఆపరేషన్ చేయించుకోను.

ఆయన మొహం వెలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు.

నర్సు: మగవాళ్లకు కోత లేని ఆపరేషన్ ఉంది. పావుగంట పని. అదే రోజు ఇంటికి రావచ్చు.

ఉపదేశి: అదీ శ్రీసభ ఒప్పుకోదు పాపా!

నర్సు: తెలుసు. ఇప్పుడు నేను అడిగింది శ్రీసభను కాదు.

ఇద్దరూ నావైపు తిరిగారు. లోపలినుంచి మా అమ్మ గొంతు వచ్చింది. "మగబిడ్డకు ఆపరేషనా! రేపు బరువులెత్తొద్దా?"

"రెండు కోతలైన తర్వాత నీళ్ల బిందె ఎవరు మోస్తున్నారత్తా?" అనింది నా భార్య, నా మీద నుంచి చూపు తీయకుండా.

పెదనాయన గడులు గీసిన కార్డునూ పెన్నునూ నా ముందుకు జరిపాడు. కార్డు తిప్పి చూశా. అటువైపు మా పాప పేరు, తేదీ ఉన్నాయి. "రెండు రోజులు టైమ్ ఇవ్వండి" అన్నా.

"నాకెవరూ ఇవ్వలేదే" అని ఆమె విస్తరాకులు ఎత్తుకుని పెరట్లోకి పోయింది. పెదనాయన పెన్ను అక్కడే వదిలేసి, వసారా కింద చెప్పులు వెతుక్కున్నాడు.