తాటాకుకు మూడు కొటేషన్లు

మా యూనివర్సిటీలో పరిశోధనకు డబ్బులివ్వరని బయట ఒక మాట తిరుగుతోంది. దాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఇస్తారు. దానికి సీడ్ మనీ అని పేరు, ఏటా సర్క్యులర్ కూడా వస్తుంది. దాని మీద 3వ తేదీ వేసి ఉంటుంది, దరఖాస్తుకు ఆఖరు తేదీ 15 అని ఉంటుంది, మా తెలుగు శాఖకు చేరేది మాత్రం 17న. అటెండరు దాన్ని తెచ్చి టేబుల్ మీద పెట్టి, "డేట్ అయిపోయిందండి సార్, అయినా అందినట్టు సంతకం పెట్టాలంట" అంటాడు. పెడతాం.

ఈసారి మాత్రం కథ మారింది. ఆ సర్క్యులర్ పొరపాటున ఫిజిక్స్ వాళ్లకి కూడా లేటుగా చేరింది. మధ్యాహ్నానికల్లా గడువు పదిహేను రోజులు పెంచేశారు. ఆ పుణ్యంలో నాకూ కాస్త వాటా దొరికింది.

నాకు కావాల్సింది పెద్దదేం కాదు. తంజావూరు సరస్వతీ మహల్ లైబ్రరీలో తెలుగు తాళపత్రాలున్నాయి. 1684 నుంచి 1712 దాకా అక్కడ ఏలిన శాహజీ అనే మరాఠా రాజు, ఇంట్లో మరాఠీ, వీధిలో తమిళం పెట్టుకుని, కూర్చుని తెలుగులో యక్షగానాలు, అంటే పాటలతో ఆడే నాటకాలు, రాశాడు. ఎందుకు రాశాడు, ఎవరు ఆడారు, ఎవరు చూశారు, అచ్చులో వచ్చిన ప్రతికీ తాటాకు మీదున్న పాఠానికీ తేడా ఎక్కడొచ్చింది, ఇదీ నా గోల. పది రోజులు అక్కడ కూర్చుంటే చాలు. రానూపోనూ రైలు, లాడ్జి, తిండి, కాపీల ఫీజు కలిపి 18,400 రూపాయలని లెక్క వేశాను. ఒక్క రూపాయి ఎక్కువ వేయలేదు. అదే నా మొదటి తప్పని తర్వాత మా సీనియర్ ఒకాయన చెప్పారు. "ఎంత అడిగినా సగం కోస్తారయ్యా, అందుకే డబుల్ అడుగుతాం. ఇది కూడా తెలియకుండా ప్రొఫెసర్ ఎలా అయ్యావు నువ్వు?"

ఇక దరఖాస్తు ఫారం. పద్నాలుగు పేజీలు. మొదటి పేజీలోనే ప్రయోగశాల గది నంబరు అడిగారు. మా శాఖలో మిగిలింది ఒకటే గది, వానాకాలంలో అందులో బకెట్లు పెడతాం కాబట్టి ఆ నంబరే రాశాను. టెక్నాలజీ రెడీనెస్ లెవెల్, అంటే కనిపెట్టింది వాడకానికి ఎంత సిద్ధంగా ఉందో, 1 నుంచి 9 లోపు చెప్పాలట. యక్షగానాన్ని మూడొందల ఏళ్ల కిందటే కొలువులో ఆడి చూపించేశారు కాబట్టి ప్రోటోటైపు దశ ఎప్పుడో దాటింది, నిజాయతీగా 9 వేశాను. మొత్తం యూనివర్సిటీలో 9 వేసింది నేనొక్కడినేనట. ప్రమాదకర రసాయనాలు వాడతారా అన్న గడిలో, తాళపత్రాలు పాడవకుండా నిమ్మగడ్డి నూనె పూస్తారని తెలుసు కదా, ఆ మాట రాశాను. అది నా రెండో తప్పు. దాని మీద భద్రతా కమిటీ వివరణ అడిగింది. నూనె పూసేది నేను కాదు, ఆ లైబ్రరీ వాళ్లని రెండు పేజీల జవాబిచ్చాను. వాసన పీల్చే అవకాశముందా అని మళ్లీ అడిగారు.

కమిటీ ముందు ప్రజెంటేషన్ ఐదు నిమిషాలు. నాకు ముందు వెళ్లిన కెమిస్ట్రీ ఆయన నలభై నిమిషాలు తీసుకున్నారు కాబట్టి నాకు రెండున్నర మిగిలాయి. కమిటీలో ఒక ఇంజనీరింగ్ పెద్దాయన చాలా ప్రేమగా అడిగారు: "ఇవన్నీ ఆన్‌లైన్లో దొరకవా సార్?" దొరికినవి చూశాను, దొరకనివే చూడాలంటున్నాను అని చెప్పాను. ఆయన తల ఊపి, "అయినా మీకు పెన్నూ పేపరూ ఉంటే చాలు కదండీ, మాలాగా మిషన్లతో పనేముంది" అన్నారు. ఈ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. పిల్లాడు అన్నం తక్కువ తింటాడని చుట్టాల ముందు చెప్పుకునే తల్లి మొహంలో ఉండే తృప్తి ఆయన మొహంలో కనబడింది. పొదుపు మా శాస్త్రంలోనే ఉందని, దాన్ని చెడగొట్టడం తమకి ఇష్టం లేదని అర్థమైంది.

ఇది మా ఒక్క యూనివర్సిటీ తెలివి అనుకోకండి, దేశమంతా ఉన్న తెలివే. 2020 నాటి జాతీయ విద్యా విధానంలో, అన్ని రంగాల పరిశోధనకూ డబ్బిచ్చే ఒక సంస్థ వస్తుందని, అందులో సాహిత్యం, చరిత్ర లాంటివి కూడా ఉంటాయని రాశారు. మేమంతా స్వీట్లు పంచుకున్నాం. 2023లో ఆ సంస్థకే అనుసంధాన్ అని పేరు పెట్టి చట్టం తెచ్చారు. సైన్సు, ఇంజనీరింగు, ఆరోగ్యం, వ్యవసాయం అన్నీ పేరు పేరునా రాసి, మానవీయ శాస్త్రాల దగ్గరికి వచ్చేసరికి, వాటికి సైన్సు టెక్నాలజీతో చుట్టరికం ఉన్న మేరకు అన్నట్టు రాశారు. అయిదేళ్లకి 50,000 కోట్లు అంచనా, అందులో 36,000 కోట్లు ప్రైవేటు వగైరా దారుల్లో రావాలి. శాహజీ యక్షగానం మీద పెట్టుబడి పెట్టే కంపెనీ ఏదైనా ముందుకొస్తుందేమోనని నేనూ రోజూ పేపరు చూస్తున్నాను. ఈలోగా నా ప్రాజెక్టులో టెక్నాలజీ ఎక్కడుందా అని నిద్రమానుకుని వెతికాను. గంటం ఉంది. తాటాకు మీద రాసే ఇనప గంటం. దాన్నే "డేటా రైటింగ్ డివైస్" అని దరఖాస్తులో చేర్చాను.

ఆ మాట చదివి అకౌంట్స్ సెక్షన్ వాళ్లు, పరికరాలుంటే మూడు కొటేషన్లు కావాలన్నారు. కొనడం లేదు, చూడటానికి వెళ్తున్నానన్నాను. "అయితే తాటాకుకైనా తెండి సార్. తక్కువ కోట్ చేసిన వాళ్ల దగ్గరికే వెళ్లాలి, రూలు" అన్నారు సూపరింటెండెంట్ గారు. అదే తాళపత్రం ఇంకో ఊళ్లో చవగ్గా దొరకదని సర్టిఫికెట్ రాసి, హెడ్డు సంతకం, డీన్ సంతకం తీసుకుని, సింగిల్ సోర్స్, అంటే ఒక్క చోటే దొరికే సరుకు కింద ఒప్పించాను. ఆ రోజు ఇంటికి వెళ్లి హాయిగా పడుకున్నాను, పీహెచ్‌డీ వచ్చిన రోజు కూడా అంత హాయిగా పడుకోలేదు.

చివరికి 7,500 శాంక్షన్ అయింది. మిగతాది ఎలాగండీ అని ఫైనాన్స్ వైపు ఒక పెద్ద అధికారిని అడిగాను. ఆయన బాగా చదువుకున్న మనిషి. "బ్రౌన్ దొర సొంత జీతం పెట్టి పండితుల్ని పోషించలేదా సార్ కడపలో? ఆయనకి ఏ యూనివర్సిటీ ఇచ్చింది?" అన్నారు. నిజమే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులకి జీతాలిచ్చి, తాళపత్రాలు సేకరించి, నకళ్లు రాయించి, అప్పులపాలై కూడా 1852 నాటికి నిఘంటువు అచ్చు వేయించాడు. తెలుగులో ఇంటర్నల్ ఫండింగ్ అనే మాటకి ఆయనే మూలపురుషుడు. ఇంటర్నల్ అంటే సొంత జేబు లోపలి నుంచి వచ్చేదని నేను అంతదాకా ఎందుకు గ్రహించలేదో తెలియదు. కాకపోతే ఆయన కుంఫిణీ కొలువు చేసిన దొర, నేను రెండు హోమ్ లోన్ల మనిషిని.

బయల్దేరాను. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై, ఎగ్మూర్‌లో రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి తంజావూరు. పది రోజులు కాదు, 7,500కి నాలుగు రోజులు. నాలుగో రోజు మధ్యాహ్నం ఒక ఆకు మీద, అచ్చు ప్రతిలో ఎక్కడా లేని నాలుగు పాదాల దరువు, అంటే యక్షగానంలో పాడే పాట, కనబడింది. మూడో పాదం దగ్గర పురుగు తిన్న చిన్న కన్నం, ఆ కన్నంలోంచి కింది ఆకు మీది అక్షరం కనిపిస్తోంది, అది పై ఆకు పాఠంలో ఒదిగిపోయి వేరే అర్థం ఇస్తోంది. మూడొందల ఏళ్లలో ఎవరో ఒక నకలు రాసేవాడు ఆ కింది అక్షరాన్ని పై పాఠంగా చదివాడేమో, అచ్చులో తప్పు అక్కడే పుట్టిందేమో. కంప్యూటర్ తెర మీద ఇది కనబడదు, ఆకుని వెలుతురుకి పట్టి కొంచెం వంచితేనే తెలుస్తుంది. ఇంకో ఆరు రోజులుంటే తేలేది. సాయంత్రం లాడ్జి ఖాళీ చేశాను.

దీన్ని వ్యాసం చేసి సదస్సులో చదవాలనుకుంటే ఇంకో లెక్క ఉంది. ప్రమోషన్లకి యూజీసీ 2018 నిబంధనల్లో పాయింట్లిచ్చారు: పేపరు విదేశంలో చదివితే 7, మన దేశంలోనే అంతర్జాతీయ సదస్సైతే 5, జాతీయమైతే 3, రాష్ట్ర స్థాయిలో 2. పేపరులో ఏముందన్నది వేరే విషయం, ఎంత దూరం మోసుకెళ్లావన్నదే లెక్క, కిలోమీటరు రేటు లాగా. ఏడు పాయింట్ల కోసం విమానం టికెట్టుకి ట్రావెల్ గ్రాంటు అడిగితే, నిధులు లేవంటారు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకీ పెన్షన్లకీ సరిపోతే అదే పండగ. అందుకని మనవాళ్లు మధ్యేమార్గం కనిపెట్టారు. మన ఊళ్లోనే సదస్సు పెట్టి, డల్లాస్‌లో ఉన్న తోడల్లుణ్ణి జూమ్‌లో కూర్చోబెడితే అంతర్జాతీయం అవుతుంది. అక్కడ రాత్రి కాబట్టి ఆయన ఆవలిస్తూ దీపప్రజ్వలనకు చప్పట్లు కొడతాడు. ఐదు పాయింట్లు. భోజనంలో గుత్తివంకాయ కూడా ఉంటుంది.

నేనింకా నయం. మా శాఖలో పాఠాలన్నీ చెప్పేది కాంట్రాక్టు మీదున్న ఒక మేడమ్. తాళపత్రం చదవడంలో నాకంటే ఆవిడదే పైచేయి. కానీ సీడ్ మనీ రెగ్యులర్ ఫ్యాకల్టీకి మాత్రమే. రెగ్యులర్ అంటే నేను, ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మా హెడ్డు. మిగతావన్నీ ఖాళీ కుర్చీలు. ఆ కుర్చీలకి అర్హత ఉంది, మనుషులు లేరు. ఆవిడ మనిషి, అర్హత లేదు. తిరిగొచ్చాక ఫోన్లో తీసిన ఫోటో చూపిస్తే పది నిమిషాల్లో ఆ కన్నం సంగతి ఆవిడే ఇంకోలా చెప్పారు, మీరు చదివిందే తప్పేమో సార్ అని కూడా అన్నారు. ఆవిడని తంజావూరు పంపాలంటే ఏ ఫారం నింపాలో అడిగితే, అలాంటి ఫారం ముద్రించలేదన్నారు.

తెలుగుకి ప్రయాణాలు కలిసి రావడం లేదేమో కూడా. ప్రాచీన భాష అని 2008లో కేంద్రం ఒప్పుకున్నా, ఆ అధ్యయన కేంద్రం మైసూరులో ఉండి, తెలుగు నేల మీద నెల్లూరు చేరేసరికి పదేళ్లు దాటింది. ఒక కేంద్రానికే అంత పడితే నా టీఏ బిల్లు, అంటే ప్రయాణ ఖర్చుల బిల్లు, పద్నాలుగు నెలలుగా కదలడం లేదని టెన్షన్ పడటం న్యాయం కాదు.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. ఫారంలో బోర్డింగ్ పాస్ జత చేయాలని ఉంది. రైలుకి బోర్డింగ్ పాస్ ఉండదని సొంత పూచీతో డిక్లరేషన్ ఇచ్చాను. తంజావూరు స్టేషన్ నుంచి లాడ్జికి ఆటో 120 రూపాయలకి రసీదు లేదు, కొట్టేశారు. యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే ఇచ్చిన డబ్బు ఆ పనికే ఖర్చయిందని రాసిచ్చే కాగితం, 12ఏ అనే సర్కారీ నమూనాలో మూడు కాపీలిచ్చాను. "వచ్చిన వడ్డీ" అన్న గడిలో సున్నా వేస్తే, ఎందుకు సున్నా అని అడిగారు. డబ్బింకా నాకు రాలేదండి అన్నాను. "రాకుండా ఎలా ఖర్చు పెట్టారు?" అన్నారు. బ్రౌన్ పద్ధతిలో అన్నాను. ఫైలు మీద "బ్రౌన్ ఎవరు, అనుమతి ఉందా?" అని పెన్సిల్‌తో రాశారు.

మొన్న ఆడిట్ వాళ్లొచ్చారు. యూనివర్సిటీ డబ్బుతో చేసిన పనికి సంబంధించిన తాళపత్రాలను శాఖ స్టాకు రిజిస్టరులో ఎందుకు ఎక్కించలేదని అభ్యంతరం పేరా రాశారు. అవి మావి కావు, తంజావూరు లైబ్రరీ వాళ్ల రిజిస్టరులో ఎప్పటినుంచో ఉన్నాయని జవాబిచ్చాను. ఆ జవాబు ఒప్పుకున్నారు, పాపం మంచివాళ్లే. కాకపోతే ఆ రిజిస్టరు పేజీ నకలు అక్కడి అధికారి సంతకంతో స్వయంగా వెళ్లి తెచ్చి జత చేయమన్నారు.

ట్రావెల్ గ్రాంటుకి దరఖాస్తు పెట్టాను. సర్క్యులర్ ఇంకా రాలేదు, వచ్చేసరికి తేదీ దాటుతుంది కదా అని ముందే పెట్టాను. సర్క్యులర్ లేకుండా పెట్టినందుకు మెమో వచ్చింది. అది మాత్రం 3న వేస్తే 3నే అందింది.