'హైలీ' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'హైలీ' గారికి,

ఇంగ్లీషులో 'చాలా' అని చెప్పే మాట తమరు. ఆ భాషలో ఏ నివేదిక తెరిచినా తమరి దర్శనమే. 'కాంప్లెక్స్' (చిక్కైన) దొరవారు ఒంటరిగా గడప దాటరు. ముందు తమరు వచ్చి "బహుపరాక్!" అనాలి, తర్వాతే వారు వేంచేస్తారు.

తమరి వల్ల జరుగుతున్న మేలు ఇంతా అంతా కాదు. 'సమస్య హైలీ కాంప్లెక్స్' అని రాసేస్తే ఆ సమస్య ఏమిటో చెప్పే శ్రమ తప్పుతుంది. రాసినాయనకి విషయం బుర్రకెక్కలేదన్న సంగతి తమరి చాటున భద్రంగా ఉంటుంది. చదివినాయన లోపం తనదే అనుకుని తలూపుతాడు.

'దిస్ ఫంక్షన్ ఈజ్ హైలీ కాంప్లెక్స్' అనే వాక్యం తీసుకోండి (ఫంక్షన్ అంటే ఇక్కడ కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక పని చేసే భాగం). తమరిని తీసేసి చదివితే వెంట్రుకవాసి తేడా కూడా రాదు. నిజానికి అలాంటి ఫంక్షన్‌లో ఎన్ని దారులు చీలుతున్నాయో లెక్కపెట్టే కొలత ఒకటి 1976లోనే థామస్ మెకేబ్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఇచ్చాడు. లెక్క 10 దాటితే ముక్కలు చేసుకోమన్నాడు. 'ఈ ఫంక్షన్ లెక్క 34' అని రాస్తే ఎక్కడ కత్తెర పెట్టాలా అని ఆలోచన మొదలవుతుంది. తమరిని రాస్తే ఇంకో మీటింగు మొదలవుతుంది.

తమరి చుట్టాలూ తక్కువవాళ్ళేం కాదు. 'క్వైట్ కాంప్లెక్స్' అంటే బ్రిటన్‌లో సాధారణంగా ఓ మోస్తరు చిక్కు, అమెరికాలో బాగా చిక్కు. ఒకే వాక్యం చదివి ఒకాయన రేపు చూద్దాంలే అంటాడు, ఇంకొకాయన గడువు పెంచమంటాడు. 'వెరీ' గారికి 'కాంప్లెక్స్' పక్కన కుర్చీ ఉంది గానీ 'మోర్ కాంప్లెక్స్' పక్కన లేదు, అక్కడ 'మచ్' గారు కూర్చుంటారు. 'టూ' అయితే చేతులెత్తేసిన బాపతు. మీ వంశంలో నాకు కాస్త గౌరవం ఉన్నది 'నీడ్‌లెస్లీ' ఒక్కరి మీదే. ఇంత మెలిక అక్కర్లేదని, ఎవరో పనిగట్టుకుని పెట్టారని మొహం మీదే అంటుంది. నిజం చెప్పాలంటే దానికి ఎంత అన్న గొడవే పట్టదు, అందుకే బతికిపోయింది.

మీ చుట్టాలకి ముక్కుతాడు వేసినవాళ్ళూ లేకపోలేదు. వాతావరణ మార్పుల మీద నివేదికలిచ్చే ఐపీసీసీ వారి దగ్గర 'లైక్లీ' (జరగొచ్చు) అంటే కనీసం 66 శాతం అవకాశం, 'వెరీ లైక్లీ' అంటే కనీసం 90, 'ఎక్స్‌ట్రీమ్లీ లైక్లీ' అంటే కనీసం 95. అక్కడ 'వెరీ' గారు ఊరికే రాలేరు, అంకె చూపించి రావాలి.

తమరినీ అలా ఓ అంకె చేతపట్టుకుని రమ్మందామనుకున్నాను. కానీ అదే జరిగితే సగం నివేదికలు మూడో పేజీకే అయిపోతాయి, పాపం రాసేవాళ్ళు ఏమైపోతారు? కాబట్టి ప్రస్తుతానికి తమరి ఉద్యోగానికి ఢోకా లేదు.

ఇట్లు,
తమ క్వైట్ విధేయుడు
(బ్రిటన్ లెక్కలో)