అంగారకుడి మీద ఉరిశిక్ష పడితే స్టే ఎప్పుడు అందుతుంది?

అంతరిక్ష కాలనీ కథలో ఉరికంబం కనిపిస్తే ముందు అడగాల్సింది అక్కడ బరువు ఎక్కడిదని. భూమి మీద 60 కిలోలు తూగే మనిషి చంద్రుడి మీద 10, అంగారకుడి మీద సుమారు 23 కిలోలే తూగుతాడు. కక్ష్యలో తిరిగే నౌకలో అసలు తూగడు. గురుత్వాకర్షణ లేక కాదు, 400 కిలోమీటర్ల ఎత్తులోనూ అది 90 శాతం దాకా ఉంటుంది. నౌకా మనిషీ కలిసి పడుతూనే ఉంటారు, అంతే. చక్రంలా తిరిగే స్టేషన్ అయితే లెక్క కుదురుతుంది: 100 మీటర్ల వ్యాసార్థం, నిమిషానికి 3 చుట్లు. అయితే కరెంటు పోగానే బరువు పోయిందని రాయడం తప్పు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఎవరో బ్రేకు వేస్తే తప్ప ఆగదు.

ఇవన్నీ దిద్దుకోవచ్చు. అసలు లోటు కాగితాల దగ్గరే. మన దగ్గర సెషన్స్ కోర్టు ఉరి వేస్తే హైకోర్టు ఖరారు చేసేదాకా అమలు కాదు. ఆపైన సుప్రీంకోర్టు, 161వ అధికరణం కింద గవర్నర్, 72 కింద రాష్ట్రపతి. క్షమాభిక్ష తోసిపుచ్చాక 14 రోజులు ఆగాలనీ, అకారణ జాప్యం జరిగితే శిక్ష యావజ్జీవంగా మారొచ్చనీ 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2015 జూలై 30న ఉరి ఆపాలన్న అర్జీపై ఢిల్లీలో సుప్రీంకోర్టు విచారణ తెల్లవారుజామున ముగిసింది. ఆ ఉదయమే ముంబై పేలుళ్ల కేసు దోషి యాకూబ్ మెమన్‌ను నాగపూర్ జైల్లో ఉరితీశారు. అదే జైలు అంగారకుడి మీద ఉంటే స్టే కబురు చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ప్రాక్సిమా సెంటారీ దగ్గరైతే అర్జీకి జవాబు రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. ఆ జాప్యం ఖైదీకి దక్కాలా, లేక కాలనీ గవర్నర్ మాటే ఆఖరు కావాలా? రచయిత తేల్చాల్సింది ఇదే.

దూరం శిక్షను ఎలా మారుస్తుందో సరిహద్దు జిల్లాలకు తెలుసు. చంద్రాపూర్ జైల్లో 1858 అక్టోబర్ 21న గోండు వీరుడు బాబూరావు షెడ్మాకేను రావిచెట్టుకు ఉరితీశారు. ఆ రావిచెట్టును జనం ఇప్పటికీ తలుచుకుంటారు. కోరాపుట్ ఆదివాసీ నాయకుడు లక్ష్మణ్ నాయక్‌ను 1942 ఆగస్టు 21న క్విట్ ఇండియా ఉద్యమంలో మథిలి ఠాణా దగ్గర జరిగిన ఘటనలో దోషిని చేసి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. ఉద్యమం ఊళ్లో, ఉరి ఎక్కడో జిల్లాలు దాటి.

మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచలో, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి కేసు కాగితాలు మరాఠీలో ఉంటాయి, పైకోర్టు నాగపూర్‌లో ఉంటుంది. కాలనీ కథలోనూ తీర్పు ప్రతి ఏ భాషలో ఇచ్చారు, దుబాసీ ఎవరు, అప్పీలు గడువు ఏ గ్రహం రోజుల్లో లెక్కించారు అన్నవి రాయాలి. అంగారకుడి రోజు మనదానికంటే దాదాపు 40 నిమిషాలు ఎక్కువ. 14 రోజుల గడువులో అది తొమ్మిది గంటల తేడా.