చేతులెత్తడం మానేద్దాం, చీటీలు రాద్దాం

మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశాల్లో దాదాపు ప్రతి తీర్మానమూ ఏకగ్రీవమే. వేదిక మీద నుంచి "అందరికీ సమ్మతమేనా?" అంటారు. ముందు వరుసలో చప్పట్లు మొదలవుతాయి, హాలంతా అందుకుంటుంది. ఆ తర్వాత పార్కింగ్ లాట్‌లో అసలు చర్చ నడుస్తుంది. మొన్న సభ అయ్యాక ఒకావిడ, మిగిలిన పులిహోర ట్రేని కారులో సర్దుకుంటూ, "ఉగాదికి సినిమావాళ్లను రప్పించడానికి అంత డబ్బెందుకు అన్నయ్యగారూ? పిల్లల తెలుగు తరగతులకు పుస్తకాలు కొనొచ్చుగా" అంది. లోపలే ఆ మాట అనాల్సింది కదమ్మా అంటే, "అందరూ సరేనన్నాక నేనొక్కదాన్నే ఏం అడ్డం పడను?" అంది. పక్క కారు దగ్గరున్న ఇద్దరు కూడా తామూ అదే అనుకున్నామన్నారు.

ఆమెది పిరికితనమని నేను అనను. పోలండ్‌లో పుట్టి, 1920లో అమెరికాకు వలస వచ్చి, మనస్తత్వ శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న సాలమన్ యాష్ 1950లలో చేసిన పరీక్ష గుర్తు చేసుకోండి. ఒక కార్డు మీద ఒక గీత, మరో కార్డు మీద మూడు గీతలు. ఆ మూడింటిలో మొదటిదానికి సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. గదిలో నిజంగా పరీక్షకు వచ్చింది ఒక్కడే, మిగతావాళ్లంతా ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్లు. చాలాసార్లు వాళ్లు కావాలనే ఒకే తప్పు జవాబు చెప్పేవారు. దాదాపు ఆ జవాబులన్నీ విన్నాక గానీ ఇతని వంతు వచ్చేది కాదు. అలాంటి సందర్భాల్లో వచ్చిన జవాబుల్లో సుమారు మూడోవంతు గుంపు మాటే. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా కళ్లెదుట ఉన్నది వదిలేశారు.

అక్కడ కూర్చున్నవాళ్లు చాలావరకు ముక్కూమొహం తెలియనివాళ్లు. మనకు అలా కాదు. ఇక్కడ చుట్టమైనా పక్కమైనా ఈ కొద్ది కుటుంబాలే. అర్ధరాత్రి నొప్పులొస్తే పెద్దపిల్లను అప్పజెప్పేది వీళ్లకే, ఉద్యోగం పోతే మొదట ఫోన్ చేసేది వీళ్లకే. అలాంటివాళ్ల ఎదుట "నాకిది నచ్చలేదు" అని లేచి నిలబడటం ఎవరికైనా భారమే. అందుకే నలుగురితో పాటు నారాయణా అనేస్తాం.

యాష్ పరీక్షలోనే దీనికి మందు కూడా ఉంది. గుంపులో ఒక్కరు నిజం చెప్పినా, పరీక్షకు వచ్చినవాడు లొంగడం బాగా తగ్గిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాసుకోమన్నప్పుడూ అంతే.

అందుకని మన కార్యవర్గాన్ని అడుగుతున్నాను. డబ్బుకు సంబంధించిన ప్రతి తీర్మానానికీ పేరు లేని చీటీలు పెట్టండి. "అభ్యంతరాలు ఉన్నాయా?" అని మొక్కుబడిగా కాకుండా, వద్దనేవాళ్లకు మొదటి అవకాశం ఇవ్వండి. పెద్దలు, దాతలు చివర మాట్లాడండి. మీరు నోరు విప్పాక మిగతావాళ్లకు చెప్పడానికి ఏమీ మిగలదు. ఇలా చేస్తే సంఘం చీలిపోతుందని కొందరికి భయం. పార్కింగ్ లాట్‌లో పేరుకుపోయే అసంతృప్తి వల్లనే చీలికలు వస్తాయని నా నమ్మకం. వద్దన్న మాట హాల్లోనే వినిపిస్తే, దానికి హాల్లోనే సమాధానం చెప్పుకోవచ్చు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన నేనే పెడతాను. దాని మీద ఓటింగ్ కూడా చీటీలతోనే జరగాలని కోరుతున్నాను.