కంపెనీవాడు దాచిన గుర్రాలు

మన ఇంజన్ల మీద పెద్ద కుట్ర జరుగుతోందనీ, దాన్ని బయటపెట్టడానికి ఒక డ్రిల్ మెషీన్, రెండు కార్బైడ్ బర్లు (డ్రిల్లుకి తగిలించి లోహాన్ని గీకే పళ్ళ ముక్కలు), ఒక ఖాళీ ఆదివారం చాలనీ చాలాకాలంగా మొత్తుకుంటున్నాను. మా ఇంట్లో ఎవరూ వినరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

కుట్ర ఏమిటంటే, బండ్లు తయారుచేసేవాళ్ళు ఇంజన్‌కి పైన మూతలా ఉండే సిలిండర్ హెడ్డులో గాలీ పెట్రోలూ లోపలికొచ్చే దారినీ, పొగ బయటికిపోయే దారినీ కావాలనే గరుగ్గా, అక్కడక్కడా అంచులతో వదిలేసి, మనకి రావాల్సిన గుర్రాల్ని, అదే హార్స్‌పవర్‌ని, లోపలే కట్టేశారు. అంతమంది ఇంజనీర్లు, గాలి ఎలా పారుతుందో కంప్యూటర్లో బొమ్మలేసి చూసే సాఫ్ట్‌వేర్లు, ఏళ్ళ తరబడి టెస్టింగులు, ఇన్ని ఉండి కూడా వాళ్ళకి తట్టనిది అరగంట వీడియో చూసిన నాకు, అదీ ఒకటిన్నర స్పీడులో చూస్తే, తట్టేసింది. ఆ దారుల్నే పోర్టులంటారు, వాటిని గీకి సవరించడమే పోర్టింగ్. దారి వెడల్పు చేస్తే గాలి ఎక్కువ పోతుంది, అంతే. రోడ్డు వెడల్పు చేస్తే ట్రాఫిక్ తగ్గిపోయినట్టు. (విజయవాడ బెంజి సర్కిల్ మీదుగా రోజూ ఆఫీసుకెళ్ళేవాళ్ళు ఈ పోలికని పట్టించుకోకండి.)

నాది 97.2 సీసీ బండి. సగం తెలుగు ఇళ్ళ ముందు స్టాండు వేసి ఉండేదే, పేరు చెప్పక్కర్లేదు. సుమారు 8 హార్స్‌పవర్. సూర్యుడంతటివాడు ఏడు గుర్రాలతో లోకమంతా చుట్టొస్తున్నాడు, నాకు ఎనిమిదుండీ ఆటోనగర్ దాకా చాలడం లేదు.

మా బాబాయికి చెబితే, "మా ఆర్‌ఎక్స్ 100 రోజుల్లో..." అని మొదలుపెట్టాడు. ఆయన తరం వాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తకూడదు, గంట పడుతుంది. పైగా ఆ యమహా బండి టూ స్ట్రోక్, నా బండిలోలాగా హెడ్డులో దారులు తెరిచి మూసే వాల్వులు ఉండవు, పోర్టులు సిలిండర్ గోడలోనే ఉంటాయి, అక్కడ ఆకురాయితో అర మిల్లీమీటరు ఎత్తు పెంచినా ఇంజన్ స్వభావమే మారిపోతుంది. నాది ఫోర్ స్ట్రోక్. శాస్త్రం వేరు.

ఆదివారం హెడ్డు విప్పాను. వాల్వులూ స్ప్రింగులూ అమ్మ స్టీలు పళ్ళెంలో పెట్టాను. వాల్వుని స్ప్రింగుకి పట్టి ఉంచే లాకులు చింతగింజలో సగం కూడా ఉండవు, స్ప్రింగు నొక్కగానే ఒకటి ఎగిరి తులసికోటలో పడింది. అమ్మ రోజూ నీళ్ళు పోస్తూనే ఉంది, ఇంకా మొలవలేదు.

తర్వాత గీకుడు. అల్యూమినియం మెత్తన, బర్ పళ్ళలో ఇరుక్కుపోతుంది, మధ్యమధ్యలో కొవ్వొత్తి రుద్దుకోవాలి. పొడి వెండిలా మెరుస్తూ పెరడంతా పరుచుకుంది, కిటికీ అవతల మూత పెట్టని ఇడ్లీ పిండి మీద కూడా. గాలి నిజంగా ఇరుక్కునేది వాల్వుకి కాస్త వెనకగా, దారి వంపు తిరిగి సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచు) దగ్గరికొచ్చే చోటనీ, ఆ వంపు లోపలి అంచుని సవరిస్తేనే లాభమనీ తెలిసినవాళ్ళు అంటారు. అక్కడికి నా బర్ అందలేదు. అందినచోట గీకాను. వీపు దురద పెడితే మాత్రం ఏం చేస్తాం, అందినచోటే కదా గోక్కుంటాం.

గాలి లోపలికొచ్చే ఇన్‌లెట్ దారిని ఎంత నున్నగా చేశానంటే, అందులో చూసుకుని క్రాపు దువ్వుకోవచ్చు. చేశాక తెలిసింది, నునుపు పొగ పోయే దారికి మంచిదట, మసి తొందరగా పట్టదు. కార్బొరేటర్ బండికి ఇన్‌లెట్ మాత్రం కొంచెం గరుగ్గానే ఉండాలట, లేకపోతే పెట్రోలు గోడకి అంటుకుని ధారకడుతుంది. దారి మరీ వెడల్పయితే గాలి వేగం తగ్గి కింది స్పీడుల్లో పికప్పే పోతుందట. పైపు మూతి బొటనవేలితో నొక్కి మొక్కలకి నీళ్ళు కొట్టే మా అక్క కొడుక్కి ఈ సంగతి తెలుసు. నాకే చెప్పలేదు. అయినా ఏం, ఆ రావాల్సిన గుర్రాలు వచ్చేది 8,000 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి 8,000 చుట్లు. అక్కడ ఇంజన్ రెండు చుట్లకోసారి చొప్పున సెకనుకి 66 సార్లకి పైగా ఊపిరి పీలుస్తుంది. నేనేమో సిగ్నల్ దగ్గర నిలబడి, ముందున్న లారీ వదిలిన ఊపిరి పీలుస్తుంటాను.

చట్టమూ కుట్రలో భాగమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూస్తే, తయారీదారు చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. గీకిన ప్రతి గీతనీ ఒక్కో మార్పుగా లెక్కేస్తే మా ఇల్లమ్మినా సరిపోదు.

చివర్లో చెయ్యి జారింది. బర్ గంతేసి ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద గీత పెట్టింది. పెద్దదేం కాదు, వెంట్రుకకి రెండింతలు. ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి తీసుకెళ్తే, అక్కడి పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టి, సీటు చుట్టూ గోరు తిప్పి, గీత దగ్గర ఆపాడు.

"ఎలక కొరికిందా బాబూ?"

"కాదు బాబాయ్, పోర్టింగ్ చేశాను."

"ఓహో. ఎలకే నయం."

30, 45, 60 డిగ్రీల కట్టర్లతో సీటు మళ్ళీ తీయొచ్చు గానీ గీత లోతుగా ఉందనీ, కొత్త సీటు వేసే ఖర్చుతో వేరే పాత హెడ్డే దొరుకుతుందనీ చెప్పాడు. కొన్నాను. ఎవరూ ముట్టుకోనిది, లోపల గరుగ్గా, అంచులతో, కుట్ర మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. ఎలాగూ విప్పాం కదా అని కార్బొరేటర్ కడిగి, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు మార్చి, వాల్వుల సందు, అదే టాపెట్లు, సెట్ చేయించి బిగించాను.

బండి ఎగిరిపోతోంది! పోర్టింగ్ పనిచేస్తుందని ఇంతకన్నా రుజువేం కావాలి? ఎయిర్ ఫిల్టర్ మార్చి మూడేళ్ళయిందని మా ఆవిడ గుర్తుచేసింది గానీ, అది సాంకేతిక విషయం కాదు.

నేను గీకిన హెడ్డు పెరటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది అమ్మ. సాయంత్రం కృష్ణా నది వైపునుంచి గాలి వస్తుంది కదా, ఇన్‌లెట్లోంచి దూరి ఎగ్జాస్ట్‌లోంచి, ఎక్కడా ఆగకుండా బ్రహ్మాండంగా పోతోంది.