ఏడు నిమిషాల్లో రామాయణం

జానపద కళలు అంతరించిపోతున్నాయని బాధపడడానికీ ఒక పద్ధతి ఉంటుంది. అందులో మొదటిది జ్యోతి ప్రజ్వలన. మొన్న నేను వెళ్లిన సదస్సులో దానికే పావుగంట పట్టింది. వత్తులు అయిదు, పెద్దలు ఆరుగురు. ఎవరు మిగిలిపోయినా ప్రమాదమే. అందుకని వెలుగుతున్న వత్తినొకదాన్ని ఆర్పి, ఆరో ఆయన చేత మళ్లీ వెలిగించారు.

తర్వాత శాలువాలు. ఆ తర్వాత ‘తోలుబొమ్మలాటలో వెలుగునీడలు’ అంటూ ఒక పత్రం. స్లైడ్లు బాగా కనబడాలని హాల్లో లైట్లన్నీ ఆర్పి నలభై నిమిషాలు చదివారు. చీకటి విలువ తెలిసినవాళ్లు మరి.

అప్పుడు వచ్చింది అసలు బొమ్మలాట బృందం. ఊళ్లో అయితే పొద్దుగూకాక మొదలై తెల్లారేదాకా సాగే ఆట. ఇక్కడ ఏడు నిమిషాలు. “అయ్యా, సీతమ్మను ఎత్తుకుపోవడానికే అరగంట పడతది” అన్నాడు పెద్దాయన. “డైరెక్ట్‌గా యుద్ధానికి వెళ్లిపోండి” అన్నారు కన్వీనర్ గారు. వాల్మీకికి ఇలాంటి కన్వీనర్ దొరికి ఉంటే ఎన్ని తాటాకులు మిగిలేవో!

చీకట్లో ఫొటోలు రావని లైట్లన్నీ వేయించారు. సబబే. ఫొటోలు లేకపోతే బిల్లులు పాసవుతాయా? పంచె తెర వెనక వాళ్లు పెట్టుకున్న బల్బు వెలుగుతోందో లేదో కూడా తెలియలేదు. మేకతోలును వెలుతురు దూరేంత పల్చగా గీకి, నగల చోటల్లా సన్నటి చిల్లులు పొడిచి, రంగులద్దిన నిలువెత్తు రావణుడు తెర మీద మాసిన మరకలా కదిలాడు. “చూశారా, కళ ఎలా మసకబారిపోతోందో!” అని నా పక్కనున్న ప్రొఫెసర్ గారు నిట్టూర్చారు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అదే ఊళ్లో ఇప్పుడు ఆ తోలుతో ల్యాంప్‌షేడ్లు చేసి అమ్ముతున్నారు. సదస్సు అతిథులకు జ్ఞాపికలుగా ఇచ్చినవీ తోలు ల్యాంప్‌షేడ్లే. బొమ్మ వెనక దీపం ఉండాలన్న సంప్రదాయం డ్రాయింగ్ రూముల్లోనైనా నిలబడుతుంది.

ఆరో నిమిషంలో ఆటలో నవ్వించే బొమ్మ కేతిగాడు, తన జోడీ బంగారక్కతో దిగాడు. ఊరిపెద్దలనైనా సరే, మొహమాటం లేకుండా ఉతికేసే హక్కు వాడిది.

“బంగారక్కా, దీపమేదే?”

“అదుగో, వేదిక మీద. ఆరుగురు కలిసి వెలిగించారుగా!”

“మరి మనకో?”

బంగారక్క నోరు తెరిచేలోపు మైకు కట్టయింది. వందన సమర్పణ మొదలైంది. దానికి టైం లిమిట్ లేదట.