గ్లాడియేటర్లు శాకాహారులని ఎముకలు చెప్పాయా?

జనం ముందు బరిలో పోరాడిన రోమన్ యోధులు, అంటే గ్లాడియేటర్లు, పూర్తి శాకాహారులని, వాళ్ల ఎముకలను పరీక్షించిన శాస్త్రవేత్తలే ఈ సంగతి రుజువు చేశారని చెప్పే సందేశం ఏళ్ల తరబడి చేతులు మారుతూనే ఉంది. అందులో నాలుగు వాదనలు కనిపిస్తాయి: ఎముకల్లో మాంసాహారపు జాడ లేదు, స్ట్రాన్షియం అనే, కాల్షియంను పోలిన మూలకం ఎక్కువగా ఉండటం శాకాహారానికి గుర్తు, ఆ కాలపు రచయితలే వాళ్లను ‘యవలు తినేవాళ్లు’ అన్నారు, మాంసం ముట్టకుండానే వాళ్లు అంత కండబలం సంపాదించారు. దీని వెనుక నిజమైన పరిశోధన ఉన్న మాట వాస్తవం. నేటి తుర్కియేలోని ఎఫెసస్ శిథిలాల్లో 1993లో గ్లాడియేటర్ల శ్మశానం ఒకటి బయటపడింది. క్రీ.శ. 2, 3 శతాబ్దాలకు చెందిన 53 మంది ఎముకలను పరీక్షించి, 2014లో పరిశోధకులు ఫలితాలు ప్రచురించారు. ఆ 53 మందిలో గ్లాడియేటర్లు 22 మంది, మిగిలినవారు ఆ కాలపు సాధారణ నగరవాసులు. అయితే ఆ పరిశోధన చెప్పినదానికీ సందేశం చెబుతున్నదానికీ పొంతన తక్కువ.

మొదటి వాదననే కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే నిలబడ్డాయి. పాత ఎముక ముక్కను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచితే ఖనిజభాగం కరిగిపోయి కొలాజెన్ అనే ప్రోటీను మిగులుతుంది. దాన్ని శుద్ధిచేసి, ఆరబెట్టి, మండించి, వెలువడిన వాయువుల్లో కార్బన్, నైట్రోజన్‌ల బరువైన ఐసోటోపులు (ఒకే మూలకపు అణువుల్లో కాస్త బరువు ఎక్కువైన రకాలు) ఏ నిష్పత్తిలో ఉన్నాయో కొలుస్తారు. గోధుమ, యవలు, వరి, పప్పుధాన్యాలది ఒక తరహా కిరణజన్య సంయోగక్రియ. జొన్న, సజ్జ, రాగి, కొర్రలది మరో తరహా. అందుకే కార్బన్ నిష్పత్తిని బట్టి మనిషి తిండికి ఆధారం ఏ తరహా పంటో తెలుస్తుంది. ఎఫెసస్‌లో అందరికీ గోధుమ, యవల వంటివే ప్రధానాహారమని, కొద్దిమంది మాత్రం చిరుధాన్యాల తరహా పంటలు కూడా తిన్న సూచన ఉందని తేలింది. కానీ మొదటి తరహా గడ్డి మేసిన మేక మాంసం తిన్నా కార్బన్ నిష్పత్తి దాదాపు అలాగే ఉంటుంది. మాంసం సంగతి చెప్పవలసింది నైట్రోజన్.

మొక్క నుంచి దాన్ని మేసే జంతువుకు, ఆ జంతువును తినేవారికి, ఇలా ఆహారపు గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ బరువైన నైట్రోజన్, అంటే నైట్రోజన్-15 విలువ వెయ్యికి సుమారు 3 నుంచి 5 వంతులు పెరుగుతుంది. ఎఫెసస్‌లో ఈ విలువలు ఇతర రోమన్ కాలపు స్థలాలతో పోలిస్తే తక్కువగానే ఉన్నాయి; సందేశం పట్టుకున్నది ఈ ఒక్క ముక్కనే. ఇందుకు పరిశోధకులు చూపిన కారణం పప్పుజాతి గింజలను తరచుగా తినడం కావచ్చునన్నది. ఆ మొక్కలు గాలిలోని నైట్రోజన్‌ను వాడుకుంటాయి కాబట్టి వాటి విలువ చాలా తక్కువగా ఉంటుంది, తిన్న మనిషి సగటును కిందికి లాగుతుంది. అలా లాగినప్పుడు ఆ పక్కనే తిన్న కాస్త మాంసం లెక్కలో కనబడకుండా పోవచ్చు. కిరాణా కొట్టు పద్దులో నెల మొత్తం మాత్రమే రాసి ఉంటే ఏ సరుకు ఎంత కొన్నారో చెప్పలేనట్టే, ఎముకలో ఉండేది కూడా సగటే. పైగా అది చాలా ఏళ్ల సగటు. పెద్దవాళ్లలో తొడ ఎముక వంటి గట్టి ఎముకలోని కొలాజెన్ పూర్తిగా మారడానికి పదేళ్లకు పైగా పడుతుంది. బానిసగానో ఖైదీగానో వచ్చి, చిన్న వయసులోనే పోయిన యోధుడి ఎముకలో గ్లాడియేటర్ల శిక్షణశాల తిండితో పాటు అంతకుముందు ఇంటి దగ్గర తిన్నదీ కలిసి ఉంటుంది.

సందేశం పూర్తిగా దాటవేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ ఐసోటోపు విలువల్లో గ్లాడియేటర్లకూ సాధారణ నగరవాసులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ విలువలే శాకాహారానికి రుజువైతే ఎఫెసస్ పౌరులందరూ శాకాహారులే కావాలి. ఆర్టెమిస్ దేవికి జంతుబలులు ఇచ్చిన ఆ నగరం గురించి అంత మాట అనడానికి ఈ సందేశం రాసినవారు కూడా సాహసించరనుకుంటాను.

గ్లాడియేటర్లు నగరవాసుల నుంచి నిజంగా వేరుపడింది స్ట్రాన్షియం దగ్గర. కాల్షియంతో పోల్చినప్పుడు వాళ్ల ఎముకల్లో అది గణనీయంగా ఎక్కువ. మొక్కల్లో స్ట్రాన్షియం ఎక్కువగా, పాలలోనూ మాంసంలోనూ తక్కువగా ఉండే మాట నిజమే. కానీ ఈ నిష్పత్తి ముఖ్యంగా శరీరానికి కాల్షియం ఎక్కడి నుంచి అందిందో చెబుతుంది. మాంసంలో కాల్షియమే స్వల్పం కనుక మాంసం తిన్నారా లేదా అన్నది దీనితో తేలదు. పరిశోధకులు సూచించిన వివరణ మొక్కల బూడిద కలిపిన పానీయం. పొయ్యి బూడిదతో చేసిన పానీయం పోటీల తర్వాత గ్లాడియేటర్లకు మేలు చేసేదన్న మాటను 1వ శతాబ్దపు రచయిత ప్లినీ నమోదు చేశాడు. ఆ వివరణను కూడా పరిశోధకులు ‘కావచ్చు’ అనే అన్నారు.

‘యవలు తినేవాళ్లు’ అన్న పేరును చెప్పిందీ ప్లినీయే. అయితే యవలు చాలా ప్రాచీనమైన ఆహారమని చూపడానికి ఆ పేరును ఉదాహరించాడు తప్ప, శిక్షణశాల వంటల జాబితా ఇవ్వలేదు. ఇంతకంటే మంచి సాక్షి 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్. ఎఫెసస్ ఉన్న ఆసియా రాష్ట్రంలోనే, పెర్గమాన్‌లో గ్లాడియేటర్లకు స్వయంగా వైద్యం చేశాడు. వాళ్లు రోజూ చిక్కుడుజాతి గింజలు బాగా తినేవారని రాశాడు. ఆ తిండి వల్ల ఒళ్లు పెరుగుతుంది గానీ, పంది మాంసం ఇచ్చినట్టు బిగువైన కండ రాదని, మెత్తగా వదులుగా ఉంటుందని కూడా అక్కడే అన్నాడు. శాకాహార కండబలానికి సాక్ష్యంగా చూపదలిచిన వారికి ఇది అంత అనుకూలమైన వాక్యం కాదు.

కండబలం వాదనకు ఇంతకుమించి జవాబు అక్కర్లేదు. కొలాజెన్ విలువల్లో కండ కనబడదు, కొవ్వూ కనబడదు. కత్తిపోట్ల నుంచి కాపాడుకోవడానికే పిండిపదార్థాలు తిని కొవ్వు పొర పెంచుకున్నారన్న కథ కూడా ఊహే.

వాళ్లు మాంసాహారులని ఈ పరిశోధన నిరూపించిందని నేను అనడం లేదు. వాళ్ల తిండిలో ధాన్యం, పప్పుల పాలే ఎక్కువన్న మాటలో పెద్దగా సందేహం లేదు. మాంసం అసలే లేదనడానికి మాత్రం ఆధారం లేదు. ఒక్క నగరపు 22 మందిని బట్టి సామ్రాజ్యమంతటి గురించి తీర్పు చెప్పడం అంతకన్నా కుదరదు. ఈ ప్రశ్న ఇంకాస్త తేలాలంటే కొలాజెన్ మొత్తాన్ని కలిపి కొలవడం చాలదు. గ్లుటమిక్ ఆమ్లం, ఫీనైల్‌అలనిన్ వంటి అమైనో ఆమ్లాలను వేరుచేసి, ఒక్కొక్కదాని నైట్రోజన్‌ను విడిగా కొలవాలి. మొదటిది ఆహారపు గొలుసులో మెట్టు మెట్టుకూ బాగా పెరుగుతుంది, రెండోది దాదాపు మారదు కనుక, ఆ రెండింటి తేడా మాంసం పాలును మరింత స్పష్టంగా చూపగలదు.